పనీ పాటా: ఆసు మిషన్ నుంచి ఏఐ దాకా, మీ ప్రశ్నలు – మా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో "మీ పనిలోకి మిషన్ ఎంతవరకు వచ్చింది?" అని ఒక్క ముక్క అడిగాం. నల్లగొండ, సూర్యాపేట, భువనగిరి, ఇటు పాలమూరు, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ కలిపితే సంచికంతా నింపొచ్చు. అన్నీ వేయలేం కాబట్టి ఒకేలా ఉన్నవాటిని కలిపి, పొడుగ్గా ఉన్నవాటిని కుదించి ఇస్తున్నాను. అన్నట్టు, ఒక ఉత్తరం "నేటి ఆధునిక యుగంలో కృత్రిమ మేధ మానవాళికి వరమా, శాపమా" అని మొదలై, ఎక్కడా ఒక ఊరి పేరు గానీ ఒక మనిషి గానీ తగలకుండా రెండు పేజీలు నడిచింది. అది రాసింది ఎవరో తెలిసిపోయింది తమ్ముడూ, నువ్వైతే కాదు. నీ ప్రశ్న నువ్వే రాసి పంపు, తప్పులున్నా పర్వాలేదు, వచ్చే నెల వేస్తాను.

ప్రశ్న: సార్, నేను బీటెక్ కంప్యూటర్ సైన్స్ (సీఎస్ఈ) ఫైనలియర్. నాన్న బత్తాయి తోట మీద అప్పు తెచ్చి చదివిస్తున్నాడు. మా సీనియర్ల టైంలో వచ్చిన కంపెనీలు ఈసారి క్యాంపస్‌కు సగం కూడా రాలేదు. కోడింగ్ అంతా ఏఐ రాసేస్తుందట, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే ఉండవట. ఇంట్లో అందరికీ టెన్షన్. నేను తప్పు కోర్సు తీసుకున్నానా?
– ఒక విద్యార్థిని, నల్లగొండ

జవాబు: తప్పు కోర్సు కాదమ్మా. కానీ అబద్ధం చెప్పి ధైర్యం ఇవ్వను, మీ సీనియర్లు ఎక్కిన దారి ఇప్పుడు ఇరుకైంది. 2025 జూలైలో టీసీఎస్ తన 6 లక్షల పైచిలుకు ఉద్యోగుల్లో 2 శాతం మందిని, అంటే దాదాపు 12 వేల మందిని తగ్గిస్తామని ప్రకటించింది. ఇది ఏఐ వల్ల కాదు, కొందరి నైపుణ్యాలు కొత్త పనికి కుదరక అని కంపెనీ పెద్దలు అన్నారు. ఇంటికి పోయినవాడికి ఏ పేరు పెట్టి పంపితే ఏముంది గానీ, నువ్వు గమనించాల్సింది వేరే ఉంది: అందులో ఎక్కువమంది మధ్య, పై స్థాయి వాళ్లు, నీలాంటి కొత్తవాళ్లు కాదు.

కొత్తవాళ్లకు ఇబ్బంది ఇంకో చోట ఉంది. మా మేనల్లుడు పదేళ్ల కింద హైదరాబాద్‌లో ఒక కంపెనీలో చేరి మొదటి ఏడాదంతా ఏం చేశాడో తెలుసా? ఒక ఫారంలో బటన్లు నొక్కి పని చేస్తున్నాయో లేదో చూడడం, ఎక్సెల్‌లో రాయడం, ఇంకొకరు రాసిన కోడ్‌లో చిన్న తప్పు దిద్దడం. విసుగు పని. కానీ ఆ విసుగులోనే వాడికి పని తెలిసింది. ఇవాళ ఆ ఏడాది పనిని ఏఐ టూల్ పూటలో తేలుస్తుంది, కాబట్టి కంపెనీకి ఆ పనికి మనిషి అక్కర్లేదు. పని నేర్చుకునే చోటే పోయిందన్నమాట, దాన్ని నువ్వు బయట ఎక్కడో నేర్చుకోవాలి.

ఎక్కడ? మీ నాన్న దగ్గర. నిజంగానే చెప్తున్నాను. ఈసారి కాయ దింపినప్పుడు ఆయనతో పాటు బత్తాయి మార్కెట్‌కు పో. కాయ ఎట్లా తూకం వేస్తున్నారు, టన్నుకు ఎంత 'సూట్' పేరుతో తరుగు తీస్తున్నారు, చిట్టీ మీద ఏం రాస్తున్నారు, డబ్బు ఎన్నాళ్లకు చేతికొస్తుంది, అన్నీ చూడు. వచ్చాక ఆ లెక్కకు ఒక చిన్న యాప్ చెయ్యి. కోడ్ ఏఐతోనే రాయించు, తప్పేం లేదు. 'సూట్' అంటే ఏమిటో దానికి తెలియదు, నువ్వు చెప్పాలి. చెప్పినా అది మొదటిసారి కచ్చితంగా తప్పు లెక్క వేస్తుంది, ఆ తప్పును నువ్వు పట్టుకోవాలి. అట్లా ఒక్క యాప్ మీ ఊళ్లో పదిమంది రైతుల చేత వాడించగలిగితే, ఇంటర్వ్యూలో నీ దగ్గర చెప్పడానికి ఒక కథ ఉంటుంది. పక్కనున్నవాళ్లందరూ ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్లు చూపిస్తుంటారు.

ఇక జోస్యాల సంగతి. 2013లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఇద్దరు పరిశోధకులు అమెరికాలో 47 శాతం ఉద్యోగాలకు కంప్యూటర్ల వల్ల ముప్పు ఉందని లెక్క కట్టారు. పదేళ్లు దాటింది, అక్కడ సగం మంది ఇంట్లో కూచోలేదు. 2016లో జెఫ్రీ హింటన్, తర్వాత నోబెల్ వచ్చిన మనిషి, ఎక్స్‌రేలు చదివే డాక్టర్లను తయారు చేయడం ఇక మానేయండి, ఐదేళ్లలో మిషన్ వాళ్లకన్నా బాగా చదువుతుంది అన్నాడు. ఇవాళ్టికీ ప్రపంచంలో రేడియాలజిస్టులకు కొరతే. అంత పెద్దాయన తప్పు చెప్పాడని నవ్వడానికి కాదు ఇది రాయడం, మిషన్ ఏం చేయగలదో తెలిసినవాడికి కూడా ఆ డాక్టరు రోజంతా ఏం చేస్తాడో తెలియకపోవచ్చు, అంతే. అట్లాగే 2025 జనవరిలో ప్రపంచ ఆర్థిక వేదిక ఒక నివేదిక ఇచ్చింది: 2030 నాటికి 9.2 కోట్ల ఉద్యోగాలు పోతాయి, 17 కోట్లు కొత్తవి వస్తాయి, నికరంగా 7.8 కోట్లు ఎక్కువే అని. లెక్క బాగుంది. కానీ పోయేది ఒకరిది, వచ్చేది మరొకరికి. నల్లగొండలో పోయినదానికి బదులు నల్లగొండలోనే వస్తుందని అందులో ఎవరూ రాసివ్వలేదు.

ప్రశ్న: మాది పుట్టపాక. ముప్పై ఏళ్లుగా మగ్గమే బతుకు. మా అబ్బాయి ఫోన్లో ఏఐని అడిగి ఐదు నిమిషాల్లో ఇరవై డిజైన్లు చూపిస్తున్నాడు. ఇంకోపక్క మిల్లు బట్ట మీద మా డిజైన్లే ప్రింట్ కొట్టి పోచంపల్లి చీర అని అమ్ముతున్నారు. ఇక మా చేతికి పని ఉంటుందా?
– ఒక నేత కార్మికుడు

జవాబు: అన్నా, మిషన్ గురించి మీ వైపు వాళ్లకు నేను చెప్పేదేముంది, మీరే మాకు చెప్పాలి. ఎందుకంటే పని గురించి ఆలోచించి మిషన్ చేస్తే ఎట్లా ఉంటుందో దేశానికి చూపించింది ఆలేరు దగ్గర శారాజీపేట.

ఆసు పోయడం, అంటే రంగులు అద్దేముందు చీర నూలును వరసగా చుట్టుకునే పని, చూడని పాఠకుల కోసం కొంచెం చెప్తాను. ఒక చెక్క, దాని మీద అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు, ఎదురుగా ఒక మేకు. నూలు పోగును ఆ ఒక్క మేకు నుంచి అటు వరసలోని మేకుకు, అక్కడి నుంచి మళ్లీ ఇటు, చేత్తో తిప్పుకుంటూ పోవాలి. ఒక్క చీరకు చేయి కొన్ని వేల సార్లు పోయి రావాలి, నాలుగైదు గంటల పని. ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లే చేసేవాళ్లు. మేం పోచంపల్లిలో కొన్నాళ్లు అద్దెకున్నప్పుడు పక్కింటి పెద్దమ్మ పొద్దుగూకేసరికి కుడి చేయి పైకి లేపలేక, జడ వేయమని మనవరాలిని కూచోబెట్టుకునేది. ఆ నొప్పినే తన తల్లి లక్ష్మి భుజంలో చూసి, పెద్దగా చదువు లేని చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి తిప్పలు పడి 1999లో ఆసు మిషన్ తయారు చేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు.

ఇప్పుడు దీన్ని ఆ ప్రింట్ చీర పక్కన పెట్టి చూడండి. అదీ మిషనే, ఇదీ మిషనే. ఆసు మిషన్ మగ్గం ఉన్న ఇంట్లోకే వచ్చింది, మిగిలిన గంటలు ఆ ఇంటికే మిగిలాయి, చీర అదే చీర. ప్రింట్ మిషన్ ఎక్కడో సూరత్ వైపు తిరుగుతుంది, మిగిలింది అక్కడివాడికి మిగిలింది, మీకు పోయిందే తప్ప వచ్చిందేం లేదు. ఏఐ విషయంలోనూ నేను చూసేది ఈ ఒక్కటే. పని సులువైందా అని కాదు, సులువైనందుకు మిగిలింది ఎవరి ఇంటికి పోయింది అని.

మీ అబ్బాయి చేసేదాన్ని ఆపకండి. కానీ ఆ ఇరవై బొమ్మల్లో ఒకదాన్ని తీసుకుని గ్రాఫ్ కాగితం మీద దింపమనండి. పువ్వుకు ఎన్ని పోగులు, అంచు దగ్గర ఎక్కడ ఆగాలి, ఏ రంగు ముందు అద్దాలి, ఏది కట్టి ఉంచాలి, ఇవేవీ ఆ బొమ్మలో ఉండవు. రంగు అంటకూడని చోట పోగులకు చిటికి (ముడి) కట్టేవాడి బుర్రలో ఉంటాయి. మీ తేలియా రుమాలైతే మరీను, పడుగూ పేకా రెండూ కట్టి, నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో నానబెట్టి తీసే పని. దానికి 2020లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అనే ముద్ర, వచ్చింది, పోచంపల్లి ఇక్కత్‌కైతే అంతకుముందే ఉంది. అబ్బాయికి ఫోన్ అంత బాగా వస్తే అమ్మకం అప్పజెప్పండి: రాత్రి పదింటికి బెంగళూరు నుంచి ఎవరో ఇంగ్లీషులో అడిగే ప్రశ్నకు జవాబు, చీర వివరం, పార్సిల్ లెక్క, ఇవన్నీ ఏఐ చక్కగా చేసిపెడుతుంది. మీ కొత్త డిజైన్ ఫొటోలు మాత్రం చీర అమ్ముడుపోకముందే ఇన్‌స్టాలో పెట్టొద్దని చెప్పండి. వారంలో ప్రింట్ వస్తుంది. చీరలాంటి కొన్ని రకాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం చేశారు గానీ, అది పవర్‌లూమ్‌లో నేసేదాన్ని ఆపాలని రాసుకున్నది, నేత చీరలా కనిపించేట్టు ప్రింట్ కొట్టేవాడు దాని సందులోంచి జారిపోతున్నాడు. ఇందులో ప్రభుత్వం తప్పు లేదని నేననను.

ప్రశ్న: మా అమ్మ కూలికి పోతుంది. హార్వెస్టర్లు వచ్చాక కోత కూలి పోయింది. ఇప్పుడు మందు కొట్టడానికి డ్రోన్లు వచ్చాయి. ఇంకో ఐదేళ్లలో అమ్మకు ఏం పని మిగులుతుంది?
– డిగ్రీ విద్యార్థిని, దేవరకొండ

జవాబు: చెల్లీ, చదువుకున్నవాళ్ల ఉత్తరాలు ఇరవై వస్తే కూలి పని గురించి వచ్చింది నీదొక్కటే. అందుకని కొంచెం పొడుగ్గా రాస్తాను.

ఏ పని మిషన్‌కు చిక్కుతుంది, ఏది చిక్కదు అనేది మనం అనుకున్నట్టు ఉండదు. కష్టం, చదువు అక్కర్లేని పని ముందు పోతుందని, ఏసీ గదిలో కూచుని చేసే పని నిలుస్తుందని అందరం అనుకున్నాం. మోరావెక్ అనే రోబో శాస్త్రవేత్త 1988లోనే దీనికి అడ్డంగా చెప్పాడు: చదరంగం ఆడించడం, పరీక్ష రాయించడం మిషన్‌కు సులువు, ఏడాది పిల్లకు వచ్చే నడకా పట్టూ నేర్పించడం మహా కష్టం అని. మీ అమ్మ పత్తి ఏరడం నువ్వు చూసే ఉంటావు. ఎడమ చేత్తో కొమ్మ వంచి, కుడి చేతి మూడు వేళ్లతో కాయలోంచి పత్తి మాత్రమే లాగి, ఎండిన ఆకు అంటకుండా, పండని కాయ రాలకుండా ఒడిలో వేసుకుంటుంది, అదీ పక్క సాలు ఆమెతో కబుర్లాడుతూ. ఆ మూడు వేళ్ల పని ఇప్పటికీ ఏ రోబోకూ గిట్టుబాటు ధరలో రాలేదు. మన చేలలో కాయలన్నీ ఒకేసారి పగలవు, మూడు నాలుగు సార్లు ఏరాలి. అమెరికాలో మిషన్‌తో తీస్తారంటే వాళ్లు ఒకేసారి పండే పొట్టి రకాలు వేసి, ఆకు రాలే మందు కొట్టి, చేను మొత్తం ఒక్కసారే తీస్తారు. అంటే మిషన్ కోసం చేనునే మార్చారు. మన దగ్గర కూడా దగ్గర దగ్గరగా విత్తే పద్ధతి మొదలుపెట్టారు, కాబట్టి ఏదో ఒక రోజు ఇక్కడా రావచ్చు, కానీ వరి కోతలా ఒక్క సీజన్‌లో తుడిచిపెట్టుకు పోదు.

మిర్యాలగూడ మిల్లుల్లో ఇదే చూడొచ్చు. సార్టెక్స్ మిషన్ దగ్గర నిలబడితే నీ కంటికి జారిపోయే బియ్యపు ధారే కనిపిస్తుంది. అందులో కెమెరా ఒక్కో గింజను చూసి, నల్ల గింజ తగిలితే చిన్న గాలి ఊదుతో పక్కకు నెడుతుంది. రెప్ప వేసేలోపు అయిపోతుంది. ఒకప్పుడు చాటలు పట్టుకుని వరసగా కూచుని ఏరే ఆడవాళ్ల పని అది. అదే మిల్లు బయట లారీకి బస్తాలు ఎత్తేది మాత్రం ఇంకా మనిషి వీపే, ఆ వీపు ఇప్పుడు బిహార్ నుంచి వస్తోంది. కన్ను పని మిషన్‌కు పోయింది, వీపు పని మిగిలింది. ఇది సంతోషించాల్సిన సంగతో కాదో నువ్వే చెప్పు.

డ్రోన్ విషయంలో మాత్రం బాధపడకు. వీపున పంపు తగిలించుకుని, మూతికి గుడ్డ కూడా లేకుండా ఆ మందు పీల్చే పని పోతే పోనీ. పది లీటర్ల డ్రోన్ ఎకరాన్ని పది నిమిషాల్లోపే కొట్టేస్తుంది. ఇక్కడ మళ్లీ అదే ప్రశ్న, డ్రోన్ ఎవరిది? 2023 నవంబర్‌లో మొదలుపెట్టిన నమో డ్రోన్ దీదీ పథకంలో 15 వేల మహిళా సంఘాలకు 80 శాతం సబ్సిడీతో, అది కూడా 8 లక్షలు దాటకుండా, డ్రోన్లు ఇవ్వాలని పెట్టుకున్నారు. మీ అమ్మ సంఘంలో ఉంటే మీ మండలానికి వచ్చాయా లేదా అని మహిళా సంఘాలను చూసే ఐకేపీ వాళ్లను అడుగు. నడిపేవాళ్లకు 18 ఏళ్లు నిండి పదో తరగతి పాసై ఉండాలి, విమానాలనూ డ్రోన్లనూ చూసే కేంద్ర సంస్థ డీజీసీఏ గుర్తింపు ఉన్న చోట శిక్షణ తీసుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అమ్మకు పది లేకపోవచ్చు, నీకుంది కదా. అప్పు చేసి సొంతంగా కొనేముందు మాత్రం ఆగు. బ్యాటరీలు పావుగంట కూడా రావు, రోజంతా తిప్పాలంటే నాలుగైదు సెట్లు, ఛార్జింగ్‌కు జనరేటర్, రెక్క విరిగితే బాగు చేసేవాడు, ఇవన్నీ లెక్క వేయాలి. డ్రోన్ అమ్మేవాడు ఈ లెక్క చెప్పడు.

ప్రశ్న: నేను మక్తల్ వైపు గుంపు మేస్త్రీని. ఒకప్పుడు వంద మందిని వెంటేసుకుని పుణె, ముంబయి పోయేవాణ్ణి. జేసీబీ వచ్చి మట్టి పని మింగేసింది. కొడుకు అదే జేసీబీ నేర్చుకుంటానంటున్నాడు. డ్రైవర్ లేకుండా నడిచేవి కూడా వచ్చాయంటున్నారు, నేర్పించాలా వద్దా?
– పాలమూరు పాఠకుడు

జవాబు: నేర్పించు పెద్దాయనా. డ్రైవర్ లేని పెద్ద లారీలు ఆస్ట్రేలియా ఇనుప గనుల్లో 2008 నుంచే తిరుగుతున్నాయి, అది నిజం. కానీ అక్కడ దారి వాటిదే, అడ్డం వచ్చే మేక ఉండదు. మన ఊళ్లో జేసీబీ బకెట్ దింపేముందు భగీరథ తాగునీటి పైపు ఎక్కడుంది, ఇది ఎవరి గెట్టు, నిన్న ఎవరు గొడవ పెట్టుకున్నారు, అన్నీ తెలియాలి. కొడుకును స్టీరింగ్ దగ్గరే ఆగిపోనివ్వకు, హైడ్రాలిక్ పైపు మార్చడం, సెన్సర్ ఎర్రర్ చదవడం కూడా నేర్చుకోమను. మిషన్ ఆగినప్పుడు నడిపేవాడికన్నా బాగు చేసేవాడికే కూలి ఎక్కువ.

నీ ఉత్తరం చదివాక నాకు నాగార్జునసాగర్ గుర్తొచ్చింది. 1955 డిసెంబర్‌లో నెహ్రూ పునాది రాయి వేసిన డ్యాం అది, రాతి కట్టడం. సిమెంటూ మిషన్లూ కరువైన రోజుల్లో మనుషులతో కట్టాలని పైనున్నవాళ్లు నిర్ణయించారు, వేలమంది తట్టలు మోశారు, అందులో పాలమూరు వాళ్లు ఎంతమందో. మొన్నమొన్నటిదాకా అటువైపే శ్రీశైలం ఎడమగట్టు సొరంగాన్ని టీబీఎం, అంటే సొరంగాలు తవ్వే పెద్ద మిషన్, తవ్వింది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఆ సొరంగం కూలినప్పుడు 8 మంది లోపల చిక్కుకున్నారు. వాళ్ల కోసం రోబోలు తెచ్చారు, ఇరుకు సందుల్లో చేత్తో తవ్వే ర్యాట్ మైనర్లు వచ్చారు, మొదటి మృతదేహం ఎక్కడుందో పసిగట్టడానికి కేరళ పోలీసు కుక్కలు కావాల్సి వచ్చింది. ఎంత పెద్ద మిషన్ కిందైనా మనుషులున్నారు, వాళ్లు ఇప్పుడు పాలమూరు వాళ్లు కాదు, ఎక్కడో జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్ లాంటి చోట్ల వాళ్లు. పాలమూరు మానేసిన వలస ఇంకో ఊరికి బదిలీ అయింది.

ప్రశ్న: ఐటీఐ ఎలక్ట్రీషియన్‌లో చేరాలా, డిగ్రీలో కొత్తగా పెట్టిన బీఎస్సీ ఏఐలో చేరాలా?
– ఇంటర్ విద్యార్థి, జడ్చర్ల

జవాబు: నీకు లెక్కలంటే ఇష్టం లేకపోతే పేరులో ఏఐ ఉన్నంత మాత్రాన ఆ డిగ్రీ జోలికి పోకు. ఆ కాలేజీలో ఆ సబ్జెక్టు చెప్పేవాళ్లు నిజంగా ఉన్నారో లేదో ముందు పోయి చూడు, బోర్డు మీదా బ్రోషర్ మీదా చూసి డబ్బు కట్టకు. రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు, రోబోలు, ఆటోమేషన్ పెట్టి. మీకు దగ్గర్లోనే దివిటిపల్లిలో అమర రాజా వాళ్ల బ్యాటరీ ఫ్యాక్టరీకి 2023లో పునాది వేశారు. అట్లాంటి చోట్ల మనుషులు తక్కువ, మిషన్లు ఎక్కువ, నిజమే. కానీ రాత్రి రెండింటికి లైన్ ఆగిపోతే చాట్‌బాట్ వచ్చి వైరు ముట్టుకోదు. నేనైతే ఎలక్ట్రీషియన్ వైపే.

ప్రశ్న: నాగర్‌కర్నూల్‌లో నాది చిన్న డీటీపీ సెంటర్. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, దరఖాస్తులు. ఇప్పుడు గిరాకీలు ఫోన్లోనే ఏఐతో ఫ్లెక్సీ చేసుకొచ్చి "అన్నా, ప్రింట్ కొట్టు చాలు" అంటున్నారు. డిజైన్ పైసలు పోయాయి. షాపు మూసేయాలా?
– డీటీపీ ఆపరేటర్

జవాబు: అన్నా, నీకు జవాబు చెప్పే అర్హత నాకుంది. నేను నల్లగొండలో టైప్ ఇన్‌స్టిట్యూట్ నడిపినవాణ్ణి. పదకొండు మిషన్లు, పొద్దున ఆరింటికి మొదటి బ్యాచ్, లోయర్, హయ్యర్ పరీక్షలకు. కంప్యూటర్ వచ్చింది, "అది టైప్ రానివాళ్లకు, మనకేం" అని నాలుగేళ్లు మొండికేశాను. చివరికి ఆ మిషన్లను పాత ఇనుము కింద తూకానికి అమ్మితే, వాటిని లోపలికి మోయడానికి ఇచ్చిన కూలి కూడా రాలేదు. గోద్రెజ్ వాళ్లే 2009లో టైప్‌రైటర్లు చేయడం మానేశారు, నేనెంత. నా బాధంతా ఏమిటంటే, మిషన్లు పోయినా నా దగ్గర ఒకటి మిగిలింది, అది నాకు ఆలస్యంగా తెలిసింది: ఏ ఆఫీసుకు ఏ కాగితం ఎట్లా రాయాలో నాకు తెలుసు. జనం నా దగ్గరికి వచ్చింది టైప్ కోసం కాదు, దానికోసం.

నీ దగ్గరా అదే ఉంది. ఏఐ చేసిన ఫ్లెక్సీలో తెలుగు చూశావు కదా, ఒత్తు ఒకచోట, అక్షరం ఒకచోట, "శుభాకాంక్షలు" సగం కన్నడంలా కనిపిస్తుంది. ఇంకో ఏడాదికి అది బాగుపడుతుంది, దాని మీద ఆశ పెట్టుకోకు. కానీ పెళ్లి కార్డులో పెద్దనాన్న పేరు ముందు రావాలా మేనమామ పేరు ముందు రావాలా, ఫ్లెక్సీలో ఎవరి ఫొటో ఎవరి కన్నా ఇంచు పెద్దగా ఉంటే ఊళ్లో కొట్లాట అవుతుందో, ఇవి ఏ మిషన్ చెప్పదు. డిజైన్‌కు విడిగా పైసలు అడగడం మానెయ్. "తప్పు వస్తే నేనే మళ్లీ ప్రింట్ కొట్టిస్తా" అని చెప్పి, ఆ పూచీకి కలిపి ప్రింట్ ధరలో తీసుకో. నువ్వు కూడా ఏఐ వాడు, రోజుకు పది కార్డులు చేసేచోట ముప్పై చెయ్.

ప్రశ్న: "ఇంట్లో కూచుని ఏఐ డేటా పని, నెలకు 30 వేలు గ్యారంటీ" అంటే ట్రైనింగ్ ఫీజు కింద 12 వేలు కట్టాను. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.
– ఒక గృహిణి, వనపర్తి

జవాబు: అమ్మా, ముందు ఈ చదవడం ఆపి 1930కి ఫోన్ చేయండి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ అది. డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు, వాళ్ల నంబర్లు ఏవీ తుడిచేయొద్దు. ఎంత త్వరగా చెప్తే అవతలి ఖాతాలో డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఏఐ కోసం ఫొటోలకు గుర్తులు పెట్టడం, మాటలు రికార్డు చేయడం లాంటి పనులు నిజంగానే ఉన్నాయి, తెలుగులోనూ ఉన్నాయి. కానీ పని ఇచ్చేవాడు మీకు డబ్బిస్తాడు, మీ దగ్గర తీసుకోడు. నేర్చుకోవాలనుంటే స్వయం పోర్టల్‌లో పాఠాలు ఉచితం, పరీక్ష రాస్తేనే కొద్దిగా ఫీజు. ఇంట్లోవాళ్లు తిడతారని దాచొద్దు, చదువుకున్న మగవాళ్లు మీకన్నా పెద్ద మొత్తాలు పోగొట్టుకుని మాకు రాశారు, పేరు వేయొద్దని వేడుకున్నారు.

ప్రశ్న: సార్, ఇన్ని చెప్తున్నారు, రేపు మీ శీర్షిక కూడా ఏఐ రాస్తే?
– కొంటె పాఠకుడు, సూర్యాపేట

జవాబు: ప్రయత్నించాను నాయనా. పుట్టపాక అన్న ఉత్తరానికి జవాబు రాసే ముందు, మర్యాదగా ఏఐని తెలుగులో అడిగాను: "ఆసు, పేక గురించి వివరంగా చెప్పు" అని. అది నమస్కారం పెట్టి, పేకాటలో ఆసు ఎంత విలువైన ముక్కో, దాన్ని ఎప్పుడు దాచుకోవాలో, ఎప్పుడు దించాలో చక్కని తెలుగులో ఒక పేజీ రాసింది. ఇది మగ్గం సంగతి అని చెప్పాక క్షమాపణ చెప్పి, రెండోసారి బాగానే రాసింది. ఈ నెలకైతే నా ఉద్యోగం ఉంది.